లాభం, రెండు, మూడు

ఆదోని పత్తి యార్డులో
కాటా దగ్గర హమాలీ నరసోజి
ఒకటి అనడు.
మొదటి మూట "లాభం".
తర్వాత రెండు, మూడు...
ఏడు దగ్గర నాలుక మళ్లించి
"ఆరున్నొకటి" అంటాడు.
తూకం ముందర ఏడుపు మాట రాకూడదట.

మేడ మీది గదిలో నేను
అదే వరసని సున్నాతో మొదలుపెడతాను.
"పొద్దున్నే సున్నా ఏంది మాబున్నీ!"
నీళ్లసీసా కోసం పైకొచ్చి కసిరినాడు.
లాభానికి ముందు ఏముంటాదో
నేను చెప్పలేకపోయాను.

నా పని చిన్నది.
గోడ మీది తెరకి లాట్లు ఒక్కొక్కటే పంపాలి:
నంబరు, పేరు, ఊరు, ధర.
మొదటి రోజు ఒక్క గుర్తు తప్పింది.
'తక్కువ' అని రాయాల్సిన చోట
'తక్కువ లేదా సమానం' అని రాశాను.
ఆఖరి లాటు దాటాక కూడా
లూపు ఇంకో చుట్టు తిరిగి
ఉత్త చేతులతో వచ్చింది.
పేరుండాల్సిన చోట 'అన్‌డిఫైన్డ్'.

కింద అందరూ ఆ మనిషి కోసం చూశారు.
హాలహర్వి ముసలామె
"నాకు సదువు రాదు, నన్నే పిలిచినారేమో" అని
ముందుకొచ్చి నిలబడింది.
ఆమె చంకలో ఒకే సంచి,
అందరూ ఏరి వదిలేసిన చేలో
మళ్లీ ఏరుకున్న పత్తి.
లాటు నంబరు లేదు.
ఏ వరసలోనూ ఆమెని ఎవరూ చేర్చలేదు.

గుర్తు దిద్దడానికి పది సెకన్లు పట్టింది.
ఆమె వెనక్కి నడిచి పోవడానికి
చాలాసేపు పట్టింది.

అర్రేలతో నాకు పేచీ లేదు.
ఫర్-ఆఫ్ అంటే
వచ్చినదాన్ని వచ్చినట్టు అందుకోవడమే.
ఫర్‌ఈచ్ కాస్త మొండిది,
వేలం ఎత్తుకున్న దలారి లాంటిది,
నడిమధ్య ఆపమంటే వినదు.
రిటర్న్ అని అరిస్తే
ఆ ఒక్కణ్ణి దాటి
పక్కవాడి దగ్గరికి పోతుంది.

పేచీ అంతా ఆబ్జెక్టులతో,
అంటే మనుషుల ఖాతాలతో.

కౌతాళం ఉరుకుందు.
పట్టా ఇంకా నాయన పేరు మీదే ఉందని
నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన
కొడుకు ఖాతాని తండ్రి ఖాతా మీద నిలబెట్టి పోయినాడు.
నాకు తెలీదు.
ఫర్-ఇన్ తిప్పాను.
పేరు. లాటు. తూకం.
అక్కడ ఆగాలి.
ఆగలేదు.
చేతికి తగిలిన ప్రతి బీగంచెవీ తిప్పుతూ
గొలుసు పట్టుకుని పైకెక్కింది.
బాకీ.
వడ్డీ.
ఇరవై అడుగుల తెర మీద, ఎర్ర అక్షరాల్లో.

నరసోజి లెక్క ఆపేశాడు.
ఉరుకుందు తలెత్తి, పెదాలు కదుపుతూ,
మొత్తం చదివాడు.
"మా నాయనదీ ఏసినావా పాపా" అన్నాడు,
నవ్వినట్టే.

ఒక్క లైను చేర్చాను.
ప్రతి చెవినీ నిలబెట్టి అడిగే లైను:
నువ్వు ఇతని సొంతమేనా?
కాకపోతే దాటుకో.
మళ్లీ తిప్పితే మూడే వచ్చాయి.

"పోయిందన్నా."
"పోయిండాదా, కనపడకుండా ఉండాదా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది.
"ఉండాదన్నా. నేను పైకి చూడ్డం మానేసినా, అంతే."
"చాల్లే," అన్నాడు, "కొనేటోడు చూడకుంటే చాలు."
తువ్వాలు దులుపుకుని కాటా వైపు పోయాడు.
ఆ రోజు అతనికి ఏ ధర పలికిందో చూడలేదు,
నా కళ్లు ఇంకా ఆ లైను మీదే ఉన్నాయి.

రాత్రి కరెంటు పోయినాక
నన్ను నేను తిప్పుకున్నాను.
పేరు, పదకొండు వేల జీతం, ఒక డిగ్రీ.
ఇంతవరకే నావి.
ఆ పైన జేజినాయన,
ఊరూరా తిరిగి దూది ఏకినాయన.
ఆయన దగ్గు.
వింటినారి మోత,
టంగు... టంగు... అని,
గదినిండా తెల్లగా ఎగిరే పోగులు.

సొంతమేనా అని
అడగాల్సిన లైను నాకు నోటికొచ్చు.
రాయలేదు.
తిరగనిచ్చాను.